నేరాల నక్షా: ఎక్కడ, ఎప్పుడు?

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉర్దూ మీడియంలో పాఠాలు చెప్పుకునేవాణ్ణి. తెలుగులో సభలో మాట్లాడడం నాకు అలవాటు తక్కువ. తప్పులు దొర్లితే పెద్దలు మన్నించాలని ముందుగానే మనవి చేసుకుంటున్నాను.

ఈ సభలో ప్రతి ఏడూ చదువుల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి, పెళ్ళిళ్ళలో దుబారా ఖర్చుల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శిగారు నాతో, “మాస్టర్ సాబ్, మీ ఇష్టమొచ్చిన విషయం మీద మాట్లాడండి, ఇరవై నిమిషాలు మాత్రం దాటకండి” అన్నారు. నేను ఎన్నుకున్న విషయం వింటే కొందరికి వింతగా తోచవచ్చు. ఒక నగరంలో కొట్లాటలు, కత్తిపోట్లు, హత్యలు ఎక్కడ జరుగుతున్నాయి, ఏ వేళప్పుడు జరుగుతున్నాయి, దానిని నక్షా మీద గుర్తు పెడితే ఏమి తెలుస్తుంది అనేదే ఆ విషయం. పండుగలాంటి సభలో ఈ నెత్తుటి మాటలేమిటని అనుకోవద్దు. ఎందుకు ఎన్నుకున్నానో చెబుతాను.

కొన్నేళ్ళ క్రితం సంగతి. మా బడిలో పది ప్యాసైన ఒక కుర్రవాడు మోటారు వైండింగు పని నేర్చుకుని నాలుగు రాళ్ళు సంపాదిస్తున్నాడు. ఒక శనివారం రాత్రి పదిన్నర దాటాక, పని ముగించుకుని ఒక టీ హోటలు మూల మీద ఆగాడు. అక్కడ స్కూటరు అడ్డం పెట్టాడని ఇద్దరు తగువుపడుతున్నారు. వీడు ఆపబోయాడు. కత్తి వీడి కుడి అరచేతికి తగిలింది. ప్రాణం దక్కింది కాని నరాలు తెగి రెండు వేళ్ళు వంగకుండా పోయాయి. సన్న తీగ చుట్టే పనికి ఆ వేళ్ళే ఆధారం. ఆసుపత్రి వరండాలో వాళ్ళమ్మ నా చెయ్యి పట్టుకుని, “మాస్టర్ సాబ్, మావాడు ఎవరి జోలికీ పోలేదు” అని ఒకే మాట పదిసార్లు అన్నది.

మర్నాడు ఊరంతా ఏమనుకున్నారు? “ఆ మొహల్లా అంతేనండీ” అన్నారు. నాకు ఆ మాట కత్తికంటే ఎక్కువ తగిలింది. ఆ మొహల్లాలో వందలాది ఇళ్ళున్నాయి. బీడీలు చుట్టే తల్లులున్నారు, దర్జీలున్నారు, నర్సు చదువుతున్న ఆడపిల్లలున్నారు. వాళ్ళందరినీ కలిపి ఒక్క మాటతో కొట్టిపారేశారు.

నేను నాలుగు రోజులు పోయాక ముసలివాళ్ళ దగ్గర కూర్చుని, “ఇంతకుముందు ఇలాంటివి ఎక్కడెక్కడ జరిగాయి?” అని అడిగాను. ఒకాయన ఒకటి చెప్పాడు, ఇంకొకాయన ఇంకొకటి చెప్పాడు. బడిలో పిల్లలు భూగోళం పరీక్షకు వాడే తెల్ల కాగితం మీద గల్లీలు గీసి, చెప్పినవన్నీ చుక్కలు పెట్టాను. చుక్కలు మొహల్లా అంతటా చెదిరిపోతాయనుకున్నాను. చాలా భాగం రెండే రెండు చోట్ల పడ్డాయి. ఒకటి ఆ టీ హోటలు మూల, రెండోది దీపం లేని ఖాళీ స్థలం పక్క సందు. వేళ అడిగితే దాదాపు అన్నీ రాత్రి తొమ్మిది తర్వాతవే. ఇది అందరికీ తెలిసిన సంగతే, కాని ఎవరికి తెలిసింది వాళ్ళ దగ్గరే ఉండిపోయింది, ఒక కాగితం మీదికి రాలేదు. అప్పటినుంచి ఈ విషయం మీద దొరికినదల్లా చదువుతూ వచ్చాను. దాని సారం ఇవాళ మీ ముందు పెడుతున్నాను.

నేరాలను పటం మీద వెయ్యడం కొత్త సంగతి కాదు. ఫ్రాన్సు దేశంలో 1820ల చివరలో సర్కారు నేరాల లెక్కలు ఏటేటా అచ్చు వెయ్యడం మొదలుపెట్టింది. వాటిని తీసుకుని 1829లో గెర్రీ అనే న్యాయవాది, బాల్బీ అనే భూగోళ పండితుడు కలిసి మూడు పటాలు ఒకే కాగితం మీద వేశారు. మనుషుల మీద జరిగిన నేరాలు ఒకటి, ఆస్తి మీద జరిగినవి ఒకటి, చదువు ఏ జిల్లాలో ఎంత ఉందో ఒకటి. బడులు పెడితే నేరాలు తగ్గుతాయని ఆనాటివారి నమ్మకం. పటాలు పక్కపక్కన పెట్టి చూస్తే, చదువు ఎక్కువున్న ఉత్తరాది జిల్లాల్లోనే ఆస్తి నేరాలు ఎక్కువగా కనిపించాయి. పంతులుగా నాకిది మింగుడు పడలేదు, కాని నిజం నిజమే. పటంలో మొదటి మేలు ఇదేనండీ, మనం అనుకున్నదానిని అది పరీక్షకు పెడుతుంది. వేసవిలో మనుషుల మీద నేరాలు, చలికాలంలో దొంగతనాలు ఎక్కువ జరుగుతాయని కూడా గెర్రీ లెక్క తేల్చాడు. అంటే ‘ఎక్కడ’తోపాటు ‘ఎప్పుడు’ అనే ప్రశ్న కూడా అప్పుడే పుట్టింది.

ఇంకా వెనక్కి పోదాం. ఇంగ్లండులో ఎవరైనా అనుమానాస్పదంగా చనిపోతే కరోనరు అనే అధికారి వచ్చి, ఇరుగుపొరుగువారిని పిలిపించి, ఏ రోజు, ఏ వేళ, ఏ వీధిలో, ఏ ఆయుధంతో అని తోలు కాగితాల మీద రాయించేవాడు. ఆ చుట్టలు ఏడు వందల ఏళ్ళుగా భద్రంగా ఉన్నాయి. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో మాన్యుయెల్ ఐస్నర్ అనే ఆచార్యుడు వాటిని చదివి, 14వ శతాబ్దపు లండను నగరంలో జరిగిన 142 హత్యలను పటం మీద గుర్తించి 2018లో అందరూ చూసేటట్లు పెట్టాడు. తర్వాత యార్క్, ఆక్స్‌ఫర్డ్ నగరాలను కూడా చేర్చారు.

దానిలో ఏమి తేలింది? హత్యలు అన్నిటికంటే ఎక్కువ ఆదివారాలు జరిగాయి. ఆదివారం పని లేదు, తాగుడు ఉన్నది, ఆటలు ఉన్నవి, పాత పగలున్నవాళ్ళు ఎదురుపడతారు. వేళ చూస్తే సాయంత్రం, రాత్రి మొదటి జాము. చోటు చూస్తే చీప్‌సైడ్ అనే బజారు వీధి. సందు గొందుల్లో కంటే జనం మూగే నడిబజారులోనే నెత్తురు ఎక్కువ పారింది. ఎవరో పేదల వాడల్లోనే హత్యలు జరుగుతాయనుకునేవారికి ఇది ఆశ్చర్యం. ఇంకొక సంగతి చెబితే నా విద్యార్థులు నవ్వుతారు. ఆనాటి ఆక్స్‌ఫర్డులో హత్యల జోరు లండను, యార్క్ నగరాలకంటే నాలుగైదు రెట్లు ఎక్కువ. చంపినవారిలోనూ చచ్చినవారిలోనూ పదిమందిలో ఏడుగురు విద్యార్థులూ, ఆ చదువుల కోవకు చెందినవాళ్ళే. పడుచు వయసు, ఇంటికి దూరం, నడుముకు కత్తి, చేతికి అందే మద్యం, ఊరి ముఠాలు. కారణం అదీ. ఇవాళ ఆక్స్‌ఫర్డు పేరు చెబితే ప్రపంచమంతా తల వంచుతుంది. కనుక ఒక ఊరికి, ఒక గుంపుకు నెత్తురు దాహం పుట్టుకతో వస్తుందనే మాట ఎంత అబద్ధమో చూడండి. పరిస్థితులు మారితే చుక్కలు మాయమవుతాయి.

అమెరికాలో ఫిలడెల్ఫియా నగరంలో మార్విన్ వుల్ఫ్‌గాంగ్ అనే పండితుడు 1948 నుంచి 1952 వరకు జరిగిన 588 హత్యలను ఒక్కొక్కటిగా పరిశీలించి 1958లో పుస్తకం అచ్చు వేశాడు. వారాంతాల్లో ఎక్కువ, అందులోనూ శనివారం ఎక్కువ. రాత్రి ఎనిమిది నుంచి రెండు గంటల మధ్య సుమారు సగం. చంపినవాడు, చచ్చినవాడు చాలామటుకు ఒకరికొకరు తెలిసినవాళ్ళే. చాలా గొడవలు మొదలైనది చిల్లర కారణాలతోనే: ఒక మాట, ఒక తోపు, ఒక బాకీ. మా కుర్రవాడి విషయంలో అడ్డం పెట్టిన స్కూటరు. నగరాలు వేరు, శతాబ్దాలు వేరు, శనివారం రాత్రి మాత్రం ఒకటే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. 1989లో లారెన్స్ షెర్మన్ అనే ఆయన తన సహచరులతో కలిసి మినియాపొలిస్ అనే నగరంలో ఒక సంవత్సరంలో పోలీసులకు వచ్చిన ఫోన్లన్నీ లెక్కపెట్టాడు. మూడు లక్షల ఇరవై మూడు వేల పైచిలుకు ఫోన్లు. ఊరిలో ఉన్న అడ్రసులు, కూడళ్ళు అన్నీ కలిపి లక్షా పదిహేను వేలు. ఆ ఫోన్లలో సగం కేవలం 3.3 శాతం అడ్రసుల నుంచి వచ్చాయి. దోపిడీలకు సంబంధించినవన్నీ కలిపి చూస్తే 2.2 శాతం చోట్లలోనే జరిగాయి. సియాటిల్ నగరంలో డేవిడ్ వైస్‌బర్డ్ అనే ఆయన పద్నాలుగేళ్ళ లెక్కలు చూస్తే, నాలుగైదు శాతం వీధి ముక్కల్లోనే సగం నేరాలు తేలాయి. పద్నాలుగేళ్ళూ దాదాపు అంతే.

దీని అర్థం ఏమిటి? ‘చెడ్డ మొహల్లా’ అని పేరుపడ్డ చోట కూడా చాలా ఇళ్ళ ముందు పెద్దగా ఏమీ జరగదు. ఎక్కువగా జరిగేది ఒక బారు ముందు, ఒక బస్టాండు మూల మీద, ఒక పాడుబడ్డ గోడ వెనక. కనుక మొహల్లాను నిందించడం అన్యాయం మాత్రమే కాదు, లెక్కప్రకారం తప్పు కూడా. నేను గీసిన ముతక నక్షాలో చుక్కలు రెండు చోట్ల పడడం వింత కాదని, లోకమంతటా అలాగే పడతాయని తెలిసినప్పుడు నాకు కొంత ఊరట కలిగింది.

అప్పుడు ఒక ప్రశ్న వస్తుంది. “ఒక మూల మీద పోలీసును నిలబెడితే గొడవ పక్క వీధికి పోతుంది కదా?” మా హెడ్మాస్టరుగారు కూడా ఇదే అడిగారు. మినియాపొలిస్‌లో 110 చోట్లు తీసుకుని సగం చోట్ల పోలీసుల రాకపోకలు పెంచి చూశారు. అక్కడ నేరాల ఫోన్లు 6 నుంచి 13 శాతం వరకు తగ్గాయి. పోలీసు రోజంతా అక్కడే కూర్చోనక్కరలేదు. పది పదిహేను నిమిషాలు నిలబడి, నలుగురిని పలకరించి, వెళ్ళిపోయి, మళ్ళీ ఎప్పుడొస్తాడో తెలియకుండా వస్తే చాలునని తేలింది. పక్క వీధి సంగతి తేల్చడానికే జెర్సీ సిటీలో వేరే పరిశోధన చేసి 2006లో ప్రకటించారు. గొడవ పక్కకు పోలేదు సరికదా, పక్క వీధులు కూడా కొంత కుదుటపడ్డాయి. ఎందుకంటే ఆ మూలలో ఉన్న సదుపాయం ప్రతి మూలలోనూ ఉండదు. చీకటి, మద్యం, కూర్చునే అరుగు, తప్పించుకునే సందు, ఇవన్నీ ఒకేచోట కుదరడం అరుదు.

ఇంతవరకు చెప్పింది పోలీసు లెక్కల మాట. పోలీసు లెక్కలో పెద్ద లోపమొకటున్నది. దెబ్బ తిన్నవాళ్ళందరూ స్టేషనుకు పోరు. మన ఇళ్ళలో చూడండి. “కేసులు మనకెందుకు, మళ్ళీ వాళ్ళ మొహమే చూడాలి” అంటాం. పోలీసు పటంలో చుక్క పడాలంటే ఎవరో ఒకరు ఫిర్యాదు చెయ్యాలి కదా. ఈ చిక్కుకు దారి చూపినవాడు పోలీసూ కాదు, జడ్జీ కాదు. ఒక డాక్టరు. ఆయన కథ కొంచెం వివరంగా చెబుతాను.

బ్రిటనులో వేల్సు ప్రాంతానికి కార్డిఫ్ రాజధాని. అక్కడ జొనాథన్ షెపర్డ్ అనే ఆయన నోరు, దవడల శస్త్రచికిత్స చేసే వైద్యుడు. పగిలిన గ్లాసుతో చీరిన ముఖాలు, విరిగిన దవడలు వారాంతం రాగానే వరసగా వచ్చేవి. ఆయన కుట్లు వేసి పంపించి ఊరుకోలేదు. ఆసుపత్రిలో చేరిన ఈ దెబ్బలు పోలీసు లెక్కల్లో ఉన్నాయా అని పోల్చి చూశాడు. పెద్ద భాగం లేవు. అడిగితే భయమని కొందరు, కొట్టినవాడెవడో తెలియదని కొందరు, తాము చేసిన పని బయటపడుతుందని కొందరు. ఊరిలో జరుగుతున్న హింసలో ఇంత భాగం పోలీసులకు తెలియనప్పుడు వాళ్ళు గస్తీ ఎక్కడ తిరగాలి?

1990ల చివరలో ఆయన డాక్టర్లను, పోలీసులను, పురపాలక సంఘం వారిని ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టాడు. చేసిన పని చాలా చిన్నది. అత్యవసర విభాగంలో చీటీ రాసే గుమాస్తా, దెబ్బ తగిలి వచ్చినవాణ్ణి నాలుగు మాటలు అడుగుతాడు. ఎక్కడ జరిగింది? సరిగ్గా ఏ వీధి, ఏ దుకాణం? ఏ రోజు, ఎన్ని గంటలకు? దేనితో కొట్టారు? కొట్టినవారు ఎందరు? ఇంతే. తర్వాత పేరు, ఊరు, వయసు తీసివేసి, చోటు, వేళ, ఆయుధం మాత్రం పోలీసులకు, పురపాలక సంఘానికి నెలనెలా పంపుతారు. ఎవరి రహస్యమూ బయటపడదు, ఎవరి మీదా కేసు పడదు. నక్షా మాత్రం నిండుతుంది.

నక్షా నిండాక ఏమి చేశారు? గస్తీ వేళలు, గస్తీ వీధులు మార్చారు. ఏ మద్యం దుకాణం పేరు పదేపదే వస్తున్నదో ఆ యజమానిని పిలిచి లెక్క చూపించారు. గాజు గ్లాసులకు బదులు తొందరగా పగలనివి, ప్లాస్టిక్‌వి వాడించారు. రాత్రి జనం కిక్కిరిసే వీధిలోకి బండ్లు రాకుండా చేశారు. ఇందులో పెద్ద ఖర్చున్నది ఏది చెప్పండి?

ఫలితాన్ని 2011లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించారు. 2000 నుంచి 2007 వరకు లెక్కలు చూశారు. కార్డిఫ్‌లో దెబ్బలతో ఆసుపత్రిలో చేరేవారు లక్ష జనాభాకు నెలకు 7 నుంచి 5కు తగ్గారు. అలాంటివే అయిన 14 నగరాల్లో అదే కాలంలో 5 నుంచి 8కి పెరిగారు. అంటే పోల్చి చూస్తే 42 శాతం తక్కువ. ఇందులో ఒక తమాషా ఉంది. పోలీసు పుస్తకంలో చిన్న చిన్న కొట్లాటల సంఖ్య కార్డిఫ్‌లో పెరిగింది! ఎందుకంటే పోలీసులు సరైన చోట, సరైన వేళ ఉన్నందువల్ల తోపులాట దశలోనే పట్టుకున్నారు. అది కత్తిదాకా పోలేదు. పెట్టిన ఒక్కొక్క పౌండుకు 82 పౌండ్ల మేలు జరిగిందని తర్వాత లెక్క కట్టారు. 2008లో షెపర్డ్‌గారికి నేరశాస్త్రంలో స్టాక్‌హోమ్ బహుమతి ఇచ్చారు. పళ్ళూ దవడలూ చూసుకునే డాక్టరుకు నేరశాస్త్రంలో బహుమతి! నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చింది ఆ చీటీ రాసే గుమాస్తా. అతను ఒక్క ప్రశ్న ఎక్కువ అడిగినందువల్ల ఎందరి ముఖాలు చెక్కుచెదరకుండా మిగిలాయో!

చోటును బాగుచేస్తే మనిషి చెయ్యి ఆగుతుందా అని సందేహించేవారికి ఇంకా రెండు రుజువులు చెబుతాను. ఫిలడెల్ఫియాలో చెత్త నిండిన 541 ఖాళీ స్థలాలను తీసుకుని, చీట్లు వేసి ఎంచిన కొన్నిటిని శుభ్రం చేశారు. గడ్డి వేసి, నాలుగు చెట్లు నాటి, చుట్టూ పొట్టి కర్ర కంచె కట్టారు. 2018లో ప్రకటించిన ఫలితం ప్రకారం నిరుపేదల వాడల్లో తుపాకీ హింస 29 శాతం తగ్గింది. న్యూయార్కులో 2016లో సర్కారు ఇళ్ళ సముదాయాల్లో కొన్నిచోట్ల పెద్ద దీపస్తంభాలు పెట్టి చూస్తే, రాత్రిపూట ఆరుబయట జరిగే పెద్ద నేరాలు 36 శాతం తగ్గాయి. గడ్డి, దీపం. ఇవేమీ తుపాకులు కావు, జైళ్ళు కావు.

ఇప్పుడు ఒక హెచ్చరిక. నక్షా కత్తివంటిది, ఎవరి చేతిలో ఉన్నదో చూసుకోవాలి. 1889లో చార్లెస్ బూత్ అనే పెద్దమనిషి లండను పేదరికానికి రంగుల పటం వేశాడు. ఆయన ఉద్దేశం మంచిదే. కాని అడుగు తరగతి వీధులకు నల్లరంగు పూసి, ఆ వీధులవాళ్ళు దుర్మార్గులూ సగం నేరస్థులూ అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. ఒక్క కుంచె వేటుతో ఆ వీధిలో పుట్టిన పసిపాపకు కూడా ఆ రంగు అంటుకున్నది.

అంత దూరం పోనక్కరలేదు. మన దేశంలో 1871లో తెల్లవారు నేరస్థ తెగల చట్టం తెచ్చి, కొన్ని కులాలకు కులాలనే పుట్టు నేరస్థులన్నారు. మన స్టూవర్టుపురం అలా ఎరుకలవారిని ఒకచోట చేర్చి పెట్టిన సెటిల్‌మెంటే. మద్రాసు సర్కారులోని హెరాల్డ్ స్టూవర్ట్ అనే అధికారి పేరు దానికి పెట్టారు. స్వాతంత్య్రం వచ్చాక 1952లో ఆ చట్టం పోయింది. చట్టం పోయింది కాని ఊరికి అంటిన పేరు పోయిందా? అక్కడ చదువుకుని ఉద్యోగాలు చేస్తున్నవారు ఊరు పేరు చెప్పడానికి తటపటాయించవలసి వచ్చిందంటే, పటం మీద పడిన మరక ఎన్ని తరాలు ఉంటుందో ఆలోచించండి. “ఆ మొహల్లా అంతే” అనే మాట ఇందుకే నాకు తగిలింది.

ఈ కాలంలో కంప్యూటరు వచ్చింది. పాత నేరాల లెక్కలు పెడితే రేపు ఎక్కడ నేరం జరుగుతుందో అదే చెబుతుందన్నారు. ఓక్లండ్ నగరంలో మాదకద్రవ్యాల కేసుల లెక్కలు పెట్టి 2016లో ఇద్దరు పరిశోధకులు పరీక్షించారు. ఆ మందులు వాడేవాళ్ళు ఊరంతటా ఉన్నా, కంప్యూటరు మాత్రం నల్లవారి వాడలకే పొమ్మన్నది. ఎందుకు? పోలీసులు పూర్వం అక్కడికే ఎక్కువ వెళ్ళారు కనుక అక్కడే ఎక్కువ కేసులు రాశారు. వెళ్ళినచోట చుక్క పడింది, చుక్క ఉన్నచోటికి మళ్ళీ వెళ్ళారు. గానుగెద్దు లాగా తిరగడమే. లాస్ ఏంజెలెస్ పోలీసులు 2020లో అలాంటి పద్ధతినొకదానిని మానుకున్నారు. శాంటాక్రూజ్ నగరం అదే ఏడు నిషేధించింది. కనుక చోటుకూ వేళకూ చుక్క పెట్టండి, మనిషికి, కులానికి, మతానికి పెట్టవద్దు. కార్డిఫ్‌లో పేర్లు ఎందుకు చెరిపేశారో ఇప్పుడు తెలిసిందా?

ఇంకొక మాట, ఇక్కడున్న తల్లుల కోసం. ఫిలడెల్ఫియాలో ఆ 588 హత్యల్లో సుమారు సగం ఇంటిలోపల జరిగాయి. స్త్రీలు వీధిలోకంటే ఇంట్లోనే ఎక్కువ చచ్చిపోయారు. వీధి నక్షాలో ఆ చుక్క కనపడదు. తలుపు మూసి ఉంటుంది, దీపస్తంభం అక్కడ పని చెయ్యదు. ఆసుపత్రిలో “మెట్ల మీద జారిపడ్డాను” అని చెప్పే ప్రతి ఆడకూతురూ నక్షా నుంచి ఒక చుక్కను చెరిపేస్తున్నది. ఆమె తప్పు కాదు, ఆమెకు మనమిచ్చిన ధైర్యం అంతే. 181 అనే మహిళా సహాయ ఫోను ఉన్నది. 2015 నుంచి సఖి కేంద్రాలు వచ్చాయి. ఈ రెండు ముక్కలు ప్రతి ఇంటికీ తెలియాలి.

మరి మనం ఏమి చెయ్యగలం? మన దగ్గర ముడిసరుకు లేక కాదు. ఎఫ్ఐఆర్ కాగితంలోనే జరిగిన రోజు, వేళ, చోటు, స్టేషనుకు ఎంత దూరం, ఏ దిక్కు అనే గళ్ళుంటాయి. స్టేషన్లలో క్రైమ్ మ్యాపు ఉంచడం పాత ఆనవాయితీ. పెద్దాసుపత్రిలో కొట్లాట దెబ్బకు మెడికో లీగల్ కేసు రాస్తారు. 2005 నుంచి 108 బండ్లు తిరుగుతున్నాయి, ఏ బండి ఏ మూలకు ఎన్ని గంటలకు వెళ్ళిందో లెక్క ఉంటుంది. హైదరాబాదులో 2014లో షీ టీములు మొదలైనప్పుడు బస్టాపులు, కాలేజీల దగ్గర ఆడపిల్లలను వేధించే చోట్లు గుర్తించి అక్కడే మఫ్టీలో నిలబడ్డారు. ఆలోచన మనకు కొత్త కాదు. కావలసినది ఆ కాగితాలు ఒక బల్ల మీదికి రావడం.

సంఘం ముందు నాలుగు మనవులు ఉంచుతున్నాను. ఒకటి, వార్డులో వెలగని దీపాల జాబితా, స్తంభం నంబరుతో సహా, నెలకొకసారి మునిసిపాలిటీకి ఇవ్వాలి. ఈ పనికి మా తొమ్మిదో తరగతి పిల్లలను నేను పంపుతాను. వాళ్ళకు భూగోళం పాఠం కూడా అవుతుంది. రెండు, ఆ ఖాళీ స్థలం సొంతదారుతో పెద్దలు మాట్లాడి, చెత్త తీయించి, పిల్లలు సాయంత్రం బంతి ఆడుకునేటట్లు చెయ్యాలి. మూడు, మన సంఘం నడిపే ఉచిత వైద్యశిబిరంలో ఒక నోటుబుక్కు పెట్టాలి. దెబ్బతో వచ్చినవారిని ఎక్కడ, ఎప్పుడు, దేనితో అని అడిగి రాయాలి. పేరు రాయకూడదు. నాలుగు, శనివారం రాత్రి తొమ్మిది నుంచి పదకొండు దాకా ఆ రెండు మూలల్లో మన పెద్దలు ఇద్దరేసి చొప్పున ఊరికే నిలబడి నలుగురితో మాట్లాడి రావాలి. కర్రలు వద్దు, బ్యాడ్జీలు వద్దు. తెల్లగడ్డం ఎదురుగా ఉంటే మన పిల్లల గొంతు దానంతటదే తగ్గుతుంది, ఆ మర్యాద ఇంకా మిగిలి ఉన్నది.

ఈ ప్రసంగం రాసుకుంటున్నప్పుడు ఆ కుర్రవాడు మా ఇంటికి వచ్చాడు. ఇప్పుడు ఎడమ చేత్తో స్క్రూడ్రైవరు పట్టడం నేర్చుకుని ఫ్యాన్లు బాగుచేసే దుకాణంలో పని చేస్తున్నాడు. కాగితం మీద చుక్కలు చూసి, తనది ఏదో తనే వేలు పెట్టి చూపించాడు. “సార్, ఆ మూల మీద దీపం వేయిస్తే నా చెయ్యి బాగవుతుందా?” అన్నాడు నవ్వుతూ. “బాగవదు బాబూ. ఇంకొకడి చెయ్యి మిగులుతుంది” అన్నాను. వాడు కాసేపు ఆలోచించి, “అయితే స్తంభాలు లెక్కపెట్టడానికి నేనూ వస్తాను సార్” అన్నాడు.

వచ్చే ఏడు ఇదే సభలో ఆ నక్షాను ఈ గోడకు తగిలించి, ఏ చుక్క తగ్గిందో, ఏది తగ్గలేదో ఉన్నదున్నట్లు మీకు చూపించాలని నా కోరిక. తగ్గకపోతే ఎందుకు తగ్గలేదో కూడా కలిసి ఆలోచిద్దాం. ఇరవై నిమిషాలు దాటిందని కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు.